బీరువా తలుపు లోపలి పది సినిమాలు

మా ఇంట్లో సినిమాలకు ఒక పద్ధతి ఉంది. పదేళ్లు గడిచాక, ఆ పదేళ్లలో మేం చూసిన వాటిలో మంచివి పది ఏరి, కాగితం మీద రాసి, బీరువా తలుపు లోపలివైపు అంటిస్తాం. ఇది మా మామగారు మొదలుపెట్టింది. ఆయన ఆబిడ్స్‌లో ఒక సినిమా హాల్లో టికెట్ల కిటికీ వెనక కూర్చునేవారు. ఆ హాలు ఇప్పుడు లేదు. దాని జాగాలో బట్టల దుకాణం వచ్చింది. అక్కడ చీరలు చూస్తున్నప్పుడల్లా బాల్కనీ ఎటువైపు ఉండేదో ఒకసారి తలెత్తి చూసుకుంటాను.

నియమాలు రెండే. ఇంట్లో కనీసం ఒక్క మనిషైనా హాల్లో కూర్చుని చూసిన సినిమానే లెక్కలోకి వస్తుంది, టీవీలో చూసింది రాదు. రెండోది, పదేళ్లూ పూర్తిగా గడవాలి. మామగారు పోయాక కాగితం రాసే పని మా వదినకు వచ్చింది. వదిన అంటే మా ఆయన అక్క. గన్‌ఫౌండ్రీ దగ్గర ఒక బడిలో లెక్కలు చెప్పి రిటైరైంది. పెళ్లి చేసుకోలేదు. తల్లి పోయేనాటికి మా ఆయనకు ఆరేళ్లు, పెంచిందంతా ఈమే. ఇప్పటికీ ఆయన గడప దాటుతుంటే జేబులో రుమాలు ఉందా అని అడుగుతుంది. ఆయనకు అరవై నాలుగేళ్లు.

ఆ రెండో నియమం ఈసారి వదినే తప్పింది.

ఆమె కళ్లకు శుక్లాలు వచ్చి నాలుగేళ్లయింది. ఆపరేషన్ అంటే భయం. హాల్లో కూర్చుంటే తెరంతా తడిసిన గోడలా ఉంటోందని సినిమాలు మానేసింది. మా ఆయన మోకాళ్లు హాలు మెట్లకు పనికిరావు. అందుకని నేనొక్కదాన్నే మ్యాటినీకి వెళ్లి, తిరిగొచ్చి, చాయ్ పెట్టి, కథ చెప్పేదాన్ని. వదిన కళ్లు మూసుకుని వినేది. “ఆగు, చెల్లె పెండ్లి అయినంక గద తండ్రి పోయింది? మరి పెండ్లిల తండ్రి ఎందుకు లేడు?” అని మధ్యలో నిలదీసేది. మా ఆయన వింటూ వింటూ నిద్రపోయేవాడు. హాల్లోనూ అంతే చేసేవాడు కాబట్టి ఆయనకు పెద్ద తేడా తెలియలేదు.

మొన్న ఎండాకాలం డాక్టరు గట్టిగా చెప్పి తేదీ ఇచ్చేశాడు. వదిన దవాఖాన నుంచి వచ్చి, చెప్పులు విప్పీ విప్పకుండానే బీరువా తెరిచింది.

“కాయితం తీయి. ఈ పదేండ్ల లిస్టు ఇయ్యాల్నే రాస్తా.”

“పదేండ్లు యాడ అయినయ్ అక్కా? ఇంకా నడుస్తనే ఉన్నయి గద,” అన్నాడు మా ఆయన.

“కన్ను పోతే ఈ తలుపు మీద నా అక్షరం ఉండదు. నీకు రాయమని ఇస్తే కోడి గీకినట్టు రాస్తవ్.”

“అండ్ల రెండేండ్లు కరోనాకు హాళ్లే బంద్ ఉండె. గా లెక్కన పన్నెండేండ్లకు రాయాలె.”

“లెక్కల టీచర్ నువ్వా నేనా?”

చివరికి పెన్సిల్‌తో రాద్దామని ఒప్పందం కుదిరింది. మిగిలిన ఏళ్లలో ఇంకా మంచిది వస్తే తుడిచి రాసుకోవచ్చు. కాగితానికి ముక్కు ఆనించి వదిన రాసింది. తొమ్మిది సినిమాల దగ్గర కొంత వాదన జరిగింది కానీ మొదటి స్థానం దగ్గర జరగలేదు. పెన్సిల్ చెక్కుతుండగానే అదేదో చెప్పేసింది.

“డబ్బా సినిమా.”

ఆ పేరు వింటే నాకు భయం. ఎందుకో చెప్పాలి.

ఆ సినిమాలో బట్టలు కుట్టి బతికే అక్క, ఆమె పెంచిన తమ్ముడు ఉంటారు. చిన్న విషయం మీద మాటా మాటా పెరుగుతుంది. తమ్ముడు సంచీ తీసుకుని వెళ్లి బస్సెక్కుతాడు. అక్క గడపలో నిలబడి ఉంటుంది. బస్సు కదులుతుంది. అంతే, హాల్లో లైట్లు వేశారు. నాంపల్లి దాకా నడిచి వచ్చేటప్పుడు కూడా నాకు ఇంకేదో మిగిలిపోయినట్టే అనిపించింది. ఇంటికొచ్చి, చాయ్ పెట్టి, కథ చెప్తూ బస్సు కదిలే దాకా వచ్చాను.

వదిన కళ్లు తెరిచింది. “మరి అక్క ఏం జేసింది?”

పక్కనే మా ఆయన నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. ఆమె ఆయనవైపు చూస్తోంది. ఏం కనిపిస్తోందో తెలియదు కానీ చూస్తోంది. ఏమీ చేయలేదు, ఊరికే నిలబడింది అని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

“ఉరికింది వదినా,” అన్నాను.

అన్నాక ఇక ఆపలేం కదా. అక్క టిఫిన్ డబ్బా పట్టుకుని ఉరికింది. చెప్పు తెగింది. బస్సు మలుపు దగ్గర మెల్లగయింది. కిటికీలోంచి డబ్బా అందించింది. అందులో రెండు జొన్న రొట్టెలు, పచ్చిమిరపకాయ తొక్కు. ఇద్దరూ ఒక్క మాట మాట్లాడుకోలేదు. చెప్పు తెగడం దగ్గర నాకే ఏడుపొచ్చింది. వదిన చల్లారిన చాయ్ ఒక్క గుక్కలో తాగేసింది. తర్వాత, “మాట లేకుండ తీసిన్రు చూడు, అదీ సినిమా అంటే,” అంది.

ఆ డబ్బా అలా బీరువా తలుపు మీద మొదటి స్థానానికి ఎక్కింది.

ఆపరేషన్ బాగా జరిగింది. ముందు ఒక కన్ను, నెల తర్వాత రెండోది. కట్టు తీసిన రోజు వదిన ఇంటి గోడలు చూసి సున్నం వేయించి ఎన్నేళ్లయిందని అడిగింది. తర్వాత నన్ను చూసింది.

“ముసల్దానివైనవ్ గదనే!”

నాకు సంతోషమే అయింది. ఆమెకు కన్ను పోకూడదని నేను దేవుళ్లకు మొక్కుకున్నాను. కానీ కన్ను బాగైతే ఆమె మొట్టమొదట ఏం చూస్తుందో కూడా నాకు తెలుసు. టీవీ చూడొద్దని డాక్టరు వారం రోజులు చెప్పాడు. నేను నలభై రోజులని చెప్పాను. ముప్పయ్యో రోజున వదిన మందుల చీటీ తానే చదువుకుంది.

ఆ ఆదివారం పొద్దున మా ఆయన ఫోన్‌లో ఏదో నొక్కి ఆ సినిమా టీవీలో పెట్టాడు. వదిన నల్ల అద్దాలు పెట్టుకుని, కుర్చీ ముందుకు జరుపుకుని కూర్చుంది. నేను వంటింట్లో బెండకాయలు కోస్తూ ఉండిపోయాను. రెండున్నర గంటలకు సరిపడా కోశాను. బస్సు కదిలిన చప్పుడు వినిపించింది. పాట వచ్చింది.

“డబ్బా ఏది?” అంది వదిన.

“కట్ జేసిన్రు అక్కా. టీవీల గట్లనే కట్ జేస్తరు,” అన్నాడు మా ఆయన. కథ మధ్యలో నిద్రపోయిన మనిషి ఎంత ధీమాగా చెప్పాడో.

వదిన నమ్మింది. నన్ను అనుమానించాలన్న ఆలోచనే రాలేదు ఆమెకు. “సినిమాకు పానమే గా సీను! గది తీసేసినోనికి అక్కచెల్లెండ్లు లేరా?” అని కాగితం తీసుకుని, సినిమా వేసిన వాళ్లకు ఉత్తరం మొదలుపెట్టింది. అయ్యా, అని మొదలై, విచారకరము, గర్హణీయము అన్న మాటలతో పేజీ నిండింది.

“వాళ్లకు ఉత్తరాలు పోవు అక్కా, మెయిల్ జేయాలె.”

“ఫొటో తీసి పంపు మరి.” వదిన కాగితం నావైపు తిప్పింది. “ఇంట్ల సాక్షి ఉంది. హాల్ల కండ్లార చూసిన మనిషి. గీడ దస్కత్ పెట్టు.”

నేను చదివింది అయిదో తరగతి. సంతకం పెట్టాలంటే పెన్ను గట్టిగా పట్టుకుని, అక్షరం అక్షరం తలుచుకుంటూ పెట్టాలి. మొదటి అక్షరం పెట్టాను. రెండోది రాలేదు.

“వదినా, డబ్బా లేదు.”

“కట్ జేసిన్రని చెప్తున్న గద,” అంది.

“హాల్ల గూడ లేదు. అక్క ఉరకలేదు. చెప్పు తెగలేదు. నేనే చెప్పిన.”

వదిన నల్ల అద్దాలు తీసి మడిచింది. లేచి వెళ్లి బీరువా తెరిచింది. పాత కాగితాలన్నీ వరసగా చూసింది.

“వీటిల్ల?”

“అవన్నీ నువ్వు సొంతంగ చూసినవే.”

“గీ కాయితంల ఎన్ని?”

వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాను. “నాలుగు. ఇంకోదాంట్ల తాత బతికినట్టు చెప్పిన, అంతే.”

“అంటే సగం,” అన్నాడు మా ఆయన. లెక్క సరిగ్గానే చెప్పాడు కానీ సమయం అది కాదు. వదిన రబ్బరు తెచ్చి మొదటి పేరు తుడిచింది. రెండోది, అయిదోది, ఏడోది, తొమ్మిదోది కూడా. తాత సినిమా కూడా అందులోనే పోయింది.

తర్వాత మూడు రోజులు నాతో మాట్లాడలేదు. అన్నం పెడితే తినేది. చాయ్ ఇస్తే తాగేది. అయితే కంటి చుక్కలు మాత్రం నాతో వేయించుకోలేదు. నెలలుగా రోజుకు నాలుగుసార్లు నేనే వేసేదాన్ని. ఇప్పుడు అద్దం ముందు నిలబడి తానే వేసుకుంటోంది. చుక్క ఒకటి కంట్లో పడితే మూడు చెంప మీద పడేవి. నేను తువ్వాలు పట్టుకుని తలుపు దగ్గర నిలబడితే పక్కనుంచి వెళ్లిపోయేది. చిన్నప్పటి నుంచి చాలామందితో తిట్లు తిన్నాను కానీ, అవేవీ ఆ తువ్వాలంత బరువు అనిపించలేదు.

నాలుగో రోజు మధ్యాహ్నం ఇస్త్రీ చీర కట్టుకుని వచ్చింది.

“నడువు,” అంది.

“యాడికి వదినా?”

“మ్యాటినీకి.”

ఆబిడ్స్ దాకా ఆటోలో వెళ్లాం. హాల్లో కూడా నల్ల అద్దాలు తీయలేదు. సినిమా ఏమంత బాగాలేదు. కొట్లాటలు ఎక్కువ. హీరోయిన్ నానమ్మ ఒక్కతే నాకు నచ్చింది, ఆమెను ఇంటర్వెల్‌కు ముందే చంపేశారు. వచ్చేటప్పుడు మొజంజాహీ మార్కెట్ దగ్గర దిగి ఇద్దరం సీతాఫలం ఐస్‌క్రీం తిన్నాం.  నా కప్పు ఖాళీ అయ్యాక వదిన తన కప్పులోది ఒక చెంచా వేసింది.

ఇంటికి రాగానే మా ఆయన, “ఎట్లుంది సినిమా?” అన్నాడు. నేను అలవాటుగా నోరు తెరిచాను. వదిన నాకంటే ముందు కుర్చీలో కూర్చుంది.

చక్కగా చెప్పింది. ఎవరి తర్వాత ఎవరు వచ్చారో, ఎవరికి ఎన్ని దెబ్బలు తగిలాయో, అన్నీ వరసగా. మా ఆయనకు కునుకు రాలేదు. ఆఖరి కొట్లాటలో హీరో కింద పడిపోయాడు.

“అయ్యో, మరి?” అన్నాడు మా ఆయన.

వదిన నల్ల అద్దాలు సర్దుకుంది. “నానమ్మ లేచి వచ్చింది. చేతిల అప్పడాల కర్ర. విలన్ నెత్తి మీద ఒక్కటేసింది!”

“నానమ్మనా?” మా ఆయన నావైపు తిరిగాడు. “నిజమేనా?”

వదిన నావైపు చూడలేదు. పక్క బల్ల మీదున్న కంటి చుక్కల సీసా అందుకుని, మూత తిప్పుతోంది.

“ఔ,” అన్నాను.

“అయితే లిస్టుల రాయి అక్కా, ఖాళీలున్నయి గద.”

“ఇంకా ఏండ్లున్నయి. తొందరేంది?” అని వదిన సీసా నా చేతికిచ్చి, తల వెనక్కి వాల్చింది.