మూడో ప్రకటన

అరుణా నేనూ పదో తరగతి దాకా ఒకే బెంచీ. తర్వాత నేను చదువుకుంటూ పోయాను, తను ఆదోనిలోనే బట్టల షాపులో చేరింది. వాళ్ల నాయన అయ్యన్న చనిపోయిన రోజు, ఎవరో కొత్తామె వచ్చి శవం కాళ్లు పట్టుకుని ఏడ్చింది. ఎమ్మిగనూరులో ఆయనకు ఇంకొక కాపురం ఉందని అరుణ తల్లి లింగమ్మకు తెలిసింది అప్పుడే. "బతికున్నప్పుడు సెప్పింటే తిట్టుకునేదాన్ని. ఇప్పుడెవుర్ని తిట్టాల?" అంది లింగమ్మ. ఆ మాట అరుణలో ఉండిపోయింది.

అందుకే, పెండ్లి కుదిరినాక పెండ్లికొడుకు సామ్సన్ వచ్చి, "మా ఎమ్మిగనూరులో మౌనిక అని ఒక నర్సుండాది. ఆ పిల్లన్నా నాకిష్టమే. పెండ్లి వద్దు, ఇట్లనే సాలంటాది. నిన్నిడిసేది లేదు. నీకూ ఎవురన్నా ఉంటే నేను అడ్డం రాను" అంటే అరుణ కోప్పడలేదు. ఆలోచించి ఒప్పుకుంది. నేను వద్దన్నాను.

"దాచిపెట్టినోన్ని చూసినా. ఈయప్ప సెప్పి సేస్తాండాడు గదా," అంది.

మౌనికను కలుస్తానంటే మాత్రం, పెండ్లయినాక చూద్దామనేవాడు సామ్సన్.

మా చర్చిలో పెండ్లికి ముందు మూడు ఆదివారాలు, ఫలానా ఇద్దరికి పెండ్లని ప్రకటన చదువుతారు. మూడోసారి చదివే రోజు సామ్సన్ కూడా వచ్చాడు. మగవాళ్లు ఒక పక్క చాపల మీద, ఆడవాళ్లు ఇంకొక పక్క. పాట ముగుస్తుండగా చున్నీ ముసుగేసుకున్న పిల్ల ఒకతి వచ్చి అరుణను ఆనుకుని కూర్చుంది. సామ్సన్ ఫోన్లో మేం చూసిన ముఖమే. మౌనిక.

అవతలి పక్క సామ్సన్ సగం లేచి మళ్లీ కూర్చున్నాడు. ఇటు రావడానికి లేదు.

"మొగోళ్ల మీద నమ్మకం లేదు, పెండ్లి పేరుకే, ఎవురి బతుకు వాళ్లదని నువ్వే అన్నావంట గదక్కా," మౌనిక గుసగుసగా అడిగింది.

"నేనా? నేననల్యా. నువ్వే పెండ్లి వద్దన్నావని సెప్పినాడు."

మౌనిక మగవాళ్ల వైపు ఒకసారి చూసింది. "నన్ను ఎవురడిగినారక్కా?"

వెనకే కూర్చున్న నాకు ఇద్దరి మాటలూ వినిపిస్తున్నాయి. పాస్టరు అయ్యగారు ప్రకటన అందుకున్నారు. "ఎవరికైనా అభ్యంతరముంటే" అని, తలెత్తకుండానే కాగితం తిప్పబోయారు.

అరుణ లేచి నిలబడింది. "నాకుంది అయ్యగారూ."

"పెండ్లికూతురే గదప్పా," అన్నారు మగవాళ్లలో ఎవరో. ఒకరిద్దరు నవ్వారు.

"పెండ్లి వద్దామ్మా?" అయ్యగారు అద్దాలు తీశారు.

"వద్దని గాదు. మేం ముగ్గురం ఒకతావ కూసోని మాట్లాడుకోల్యా. అందాక ఆపండి."

ముగ్గురు అన్న మాటకు నవ్వులు ఆగిపోయాయి. అరుణకు ఇంకో పక్క కూర్చున్న లింగమ్మ కూతురి కొంగు పట్టి గుంజింది. అప్పుడే అవతలున్న మౌనికను చూసింది. చాలాసేపు చూసింది. కొంగు వదిలేసి, మగవాళ్ల వైపు తిరిగింది.

"సామ్సనూ, ఇట్ల రాప్పా. ఈడ కూసో."

సామ్సన్ తలుపు దగ్గర విడిచిన చెప్పుల వైపు చూశాడు.