వానలో ఎండిన జడ

గొడుగు పట్టుకెళ్ళాలా వద్దా అన్న సందేహం వస్తే ఆ వీధివాళ్ళు ఆకాశం వైపు చూడరు, మబ్బులత్త పార్లరు వైపు చూస్తారు. రెండు కుర్చీలు, ఒక నిలువుటద్దం, తల కడిగే తొట్టి. అంతే పార్లరు. ఆవిడ మాత్రం వాతావరణశాఖకు పెద్దదిక్కులా నడుచుకుంటుంది. పొద్దున్నే మేడెక్కి, తన జుట్టులోంచి ఒక పాయ తీసి, చెవి దగ్గర పెట్టుకుని రెండు వేళ్ళతో నలుపుతుంది. గరగరమంటే పొడిగాలి, చప్పుడు లేకపోతే తేమ. ఆ తర్వాతే కిందికి దిగి అలమారలో ఏ అర తెరవాలో తేలుస్తుంది.

పై అర పొడి రోజులది. అందులో చిక్కటి క్రీములు, వాటి మీద రాయడానికి నూనెలు. కింది అర తేమ రోజులది. అందులో పలుచటి లోషన్లు.

"పొడిగాలి జుట్టులో తడిని దొంగిలిస్తుంది, తలుపెయ్యాలి. తడిగాలి పిలవని చుట్టంలా దూరి జుట్టును ఉబ్బిస్తుంది, దానికి పలుచటి తెర చాలు. వానల్లో చిక్కటిది పూస్తే తల జిడ్డోడుతుంది" అని వచ్చినవాళ్ళందరికీ పాఠం చెబుతుంది.

గ్లిజరిన్ కలిపిన సీసా మాత్రం కాలం మారే పది రోజులే బయటికొస్తుంది. అది చాడీలు మోసే మనిషి లాంటిదని ఆవిడ అభిప్రాయం. పొడిలో లోపలి తడిని బయటికి మోస్తుంది, తేమలో బయటిదాన్ని లోపలికి మోస్తుంది.

"మరి నా తలకు ఏ అర?" అని భర్త తన నున్నటి గుండు నిమురుకుంటూ అడుగుతాడు.

"మీకు తడిగుడ్డ చాలు."

ఇంత విద్వత్తుకూ ఊరేగింపు విగ్రహం కోడలి జడ. నడుము దాటిన జడ. కోడలు వీధిలో నడిచి వెళ్తుంటే ఇంక బోర్డెందుకని అత్త పాత బోర్డు కూడా పీకించేసింది. కోడలిని శుక్రవారం సాయంత్రాలు తానే కూర్చోబెట్టి క్రీము పట్టిస్తుంది. బయటికి చెప్పదు గానీ, వారంలో ఆవిడకు అన్నిటికన్నా ఇష్టమైన అరగంట అదే.

అలాంటి జడ ఈ వానాకాలంలో ఎదురు తిరిగింది. కొసలు చిట్లాయి. దువ్వెన పెడితే పోచలు తెగి చేతిలోకి వస్తున్నాయి. "ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు, అత్తా" అని పక్కింటి కుట్టుపని ఆవిడ నవ్వింది. అత్త దోషం వెతికింది. తల ఆరకుండా పడుకుంటున్నావంది, సబ్బు మార్చావంది, చివరికి ఆలోచనలు ఎక్కువయ్యాయంది. వానాకాలపు లోషను రెండింతలు పట్టించింది. కోడలు అన్నిటికీ "సరే అత్తయ్యా" అంది. జుట్టు మాత్రం సరే అనలేదు.

ఒక రాత్రి భోజనాల దగ్గర కోడలు మెల్లగా చెప్పింది. "ఆదివారం మా ఆఫీసు పక్క షాపులో కత్తిరించుకుంటాను అత్తయ్యా. దువ్వుకోలేకపోతున్నాను."

మబ్బులత్త చేతిలో ముద్ద కంచంలోనే వదిలేసింది. జడ పోతే పోయింది, మళ్ళీ పెరుగుతుంది. ఇంటిపిల్ల ఇంకొకరి కుర్చీలో కూర్చుంటే ఆ శుక్రవారం అరగంట మళ్ళీ వస్తుందా? ఆ రాత్రి ఆవిడ నిజంగానే భయపడింది.

శనివారం పొద్దున కోడలు పార్లరు తాళంచెవి పొరపాటున తన సంచిలో వేసుకుని ఆఫీసుకు వెళ్ళిపోయింది. పార్లరుకు వచ్చిన ముగ్గురు మెట్ల మీద తలలు పట్టుకుని కూర్చున్నారు. తిట్టుకుంటూ, తడుస్తూ అత్త ఆఫీసుకు బయల్దేరింది. కోడలు అక్కడ కంప్యూటర్లు చూసుకుంటుందని తెలుసు. అంతకుమించి తెలియదు.

కాపలావాడు ఆవిడను ఒక పొడవాటి గదిలోకి తీసుకెళ్ళాడు. వరసగా బీరువాలంత యంత్రాలు, ఒక్క కిటికీ లేదు, నాలుగు వైపుల నుంచీ చల్లగాలి. బయట కుండపోతగా వాన పడుతుంటే కోడలు ఇక్కడ స్వెట్టరు తొడుక్కుని కూర్చుని ఉంది. ఆ పిల్ల పని ముగించుకు వచ్చేలోగా అత్త తడిసిన జుట్టు ఆరిపోయింది, పెదవులు ఎండిపోయాయి. అలవాటు కొద్దీ ఒక పాయ తీసి చెవి దగ్గర నలిపింది. గరగరలాడింది.

"రోజూ ఇక్కడేనా?"

"పొద్దున తొమ్మిది నుంచి ఆరు దాకా. మొన్న వేసవిలో ఈ యంత్రాలు వచ్చినప్పటి నుంచీ గాలిలో తడి ఉండనివ్వరు."

"ఒక్క మాట చెప్పొచ్చు కదమ్మా."

"మీరు అడగలేదు కదా అత్తయ్యా. వాన వైపు చూసి సీసా తీసేవారు. పెద్దవారు, మీకు ఎదురు చెప్పడమెందుకని ఊరుకున్నాను."

ఆ మాటలో నిష్ఠూరం లేదు. ఉంటే బాగుండేదనిపించింది ఆవిడకు. మూడేళ్ళుగా ఈ పిల్ల తల తన చేతుల్లో ఉంది. ఆ తల రోజంతా ఎక్కడుంటుందో ఒక్కసారీ అడగలేదు.

ఆదివారం వాన పడుతూనే ఉంది. కోడలు చెప్పులు వేసుకుని గుమ్మం దాకా వచ్చి, వెనక్కి తిరిగి పార్లరులోకి వెళ్ళి కుర్చీలో కూర్చుంది.

"మీరే కత్తిరించండి అత్తయ్యా."

మబ్బులత్త పై అరలోంచి చిక్కటి క్రీము దించి పక్కన పెట్టుకుంది. కత్తెర తీసింది. అద్దంలో కోడలి ముఖం చూసి, "ఎంతవరకు తీయమంటావు?" అని అడిగింది.