పల్లీలు ముట్టనన్న మొక్కు

ఆ రోజుల్లో నాకు చావంటే పెద్దగా భయం ఉండేది కాదు, చుట్టాలు నవ్వుతారంటే మాత్రం చచ్చేంత భయం. ఇరవై ఏళ్ల వయసు అలాంటిది. భివండి శాంతి నగర్‌లో ఒక మగ్గాల కార్ఖానాలో, నేసిన బట్టలో తెగిన పోగులు వెతకడం నా పని. ఉండేది టెంఘర్‌లో మేనత్త ఇంట్లో. నాకు పల్లీలు పడవు. పడవంటే గ్యాసూ గీసూ కాదు, పెదవులు ఉబ్బి గొంతు మూసుకుపోతుంది, ప్రాణమే పోవచ్చని డాక్టరు చెప్పాడు. అలాంటివాడు ఉండకూడని ఊరు ఏదైనా ఉందంటే అది మాదే. ఇంట్లో మా తెలంగాణ పల్లీ చట్నీ, గడప దాటితే మరాఠీ పొరుగువాళ్ల పల్లీపొడి కూరలు, ఉపవాసం నాడైతే పొద్దంతా పల్లీలే (పస్తుండటాన్ని కాదు, పల్లీలు తినడాన్నే అక్కడ ఉపవాసమంటారు).

అత్తకు చెప్పకపోలేదు. "డాక్టర్ పల్లీలు వద్దన్నడత్తా" అని నసిగాను. ప్రాణం సంగతి మాత్రం మింగేశాను. అత్త నవ్వనే నవ్వింది. "పల్లీలు పడకపోవుడేందిరా? మనింట్ల ఎవలకన్న ఉన్నదా గిసొంటి బీమారి?" అంది. మర్నాడు అటుకుల్లోంచి పల్లీలన్నీ ఏరి పళ్లెం పక్కన కుప్ప పోసి, "అన్ని తీసేసిన, ఇగ తిను" అంది. తిన్నాను. పెదవి ఉబ్బింది. అత్త దిష్టి తీసింది. "గివన్ని బంగ్లాలోళ్ల బీమార్లు, ఒక్క గది ఖోలీలోళ్లకు రావు" అని మామ తేల్చేశాడు.

అప్పుడు నాకు మహా తెలివి పుట్టింది. "వేములవాడ రాజన్నకు మొక్కుకున్ననత్తా, పల్లీలు ముట్టనని" అన్నాను. అంతే! డాక్టరు వల్ల కానిది దేవుడి వల్ల ఒక్క పూటలో అయిపోయింది. నాకు వేరే గిన్నె, వేరే గరిటె. పల్లీలు దంచిన చేత్తో అత్త నాకు మంచినీళ్లు కూడా ఇచ్చేది కాదు. ఇంత జాగ్రత్త ఏ పెద్దాసుపత్రిలోనూ దొరకదు. "ఎప్పటిదాకరా మొక్కు?" అని అడిగితే, "సూపర్‌వైజర్ అయ్యేదాక" అన్నాను. నా పనితనం నాకు తెలుసు కనుక, ఆ గడువు జీవితాంతం తీరదని ధైర్యం.

మా సేఠు తెలివిని నేను తక్కువ అంచనా వెయ్యలేదు, ఎక్కువ వేశాను. ఆరు నెలలు తిరక్కుండానే నన్ను సూపర్‌వైజర్ని చేశాడు. ఆ మాట ఇంట్లో దాచుదామనుకున్నాను గానీ, అదే కార్ఖానాలో మగ్గం నడిపే మామ నా కంటే ముందే ఇల్లు చేరాడు. నేను వెళ్లేసరికి రాజన్న పటానికి దండ, గది నిండా గల్లీలోని ఆడవాళ్లు, మధ్యలో పళ్లెం నిండా బెల్లం పాకంలో చుట్టిన పల్లీ ముద్దలు. "నోరు కట్టుకొని ఎంత తిప్పలవడ్డవు బిడ్డా! మొక్కు తీరింది, ప్రసాదం తిను" అంటూ అత్త కళ్లనీళ్లతో ముద్ద నా నోటి దగ్గర పెట్టింది. అందరి ముందూ అబద్ధం ఒప్పుకోవాలి, లేదా తినాలి. నేను తిన్నాను (బియ్యపుగింజంతే కొరికాను, అదొక తెలివి).

నిమిషాల్లో పెదవులు ఉబ్బాయి, ఊపిరి ఈలలా రావడం మొదలైంది. మామ నన్ను ఆటోలో పడేసుకుని ఆసుపత్రికి పరుగెత్తాడు. తొడకు సూది పడ్డాకే ఊపిరి దారికొచ్చింది. మంచం పక్కన అత్త "నా చేతులతోని పెట్టిన గదరా" అంటూ అరచేతులు కొంగుకు తుడుస్తూనే ఉంది. మొక్కు అబద్ధమని అప్పుడు చెప్పేశాను.

"ముందుగాల్నే చెప్తే ఏమాయెరా?"

"చెప్పిన గదత్తా, డాక్టర్ వద్దన్నడని."

"వద్దన్నడని చెప్పినవ్. సచ్చిపోతనని చెప్పినవా?"



ఇప్పుడు ఎవరింటికి వెళ్లినా చెప్పులు విడవకముందే, "పల్లీ తింటే చచ్చిపోతానండీ" అని చెప్పేస్తాను. జేబులో ఆ సూదిమందు ఎప్పుడూ ఉంటుంది. అశుభపు మాటలని కొందరు మొహం చిట్లిస్తారు, అయినా వంటింట్లోకి వెళ్లి గిన్నెలు చూసొస్తారు. దేవుడి పేరు మీద అబద్ధమాడటానికి సిగ్గుపడనివాడు, సొంత అత్తతో 'నా ప్రాణం పోతుంది' అనడానికి సిగ్గుపడ్డాడు. ఆ కుర్రవాణ్ణి తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. నవ్వు పూర్తికాకముందే ఆసుపత్రిలో కొంగుకు తుడుచుకున్న అత్త చేతులు గుర్తొస్తాయి.