ఇంగ్లీషు జాతీయంలో రెండవ కాలు

గుడివాడ హైస్కూలులో ఇంగ్లీషు ఉపాధ్యాయుని ఖాళీకి పరీక్షకు రమ్మని ఉత్తరం రాగా, బుధవారం ఉదయం ఐదు గంటలకు పులిగడ్డ రేవులో పడవ ఎక్కాను. మా వంశంలో బి.ఏ. పూర్తి చేసినవాణ్ణి నేనొక్కణ్ణే. ఈ ఉద్యోగం రాకపోతే నాన్నగారు నాగలి అప్పగించడానికి సిద్ధంగా ఉన్నారు.

చల్లపల్లి మీదుగా బస్సు ఎనిమిదిన్నరకు బందరు చేర్చింది. పది గంటల రైలులో, మూడవ తరగతి పెట్టెలో చోటు దొరికింది. ఇంగ్లీషు జాతీయాల నోటుపుస్తకం తీసి వల్లె వేస్తుండగా ఎదుటి బల్లమీది పెద్దమనిషి తొంగిచూశారు. పేరు యోహానుగారు, బందరులో ఒక దొర బంగళాలో వంటవారు.

"ఏంటండీ బాబూ, అంత దీక్షగా చదూతున్నారు?"

"'వన్ ఫుట్ ఇన్ ది గ్రేవ్' అండీ. మన 'కాటికి కాళ్ళు చాపుకోవడం' వంటిదే. మనవి రెండు కాళ్ళూ కాటివైపే; వారిది ఒక్కటే సమాధిలో. ఆ రెండవది ఎక్కడున్నదో ఏ పుస్తకమూ చెప్పలేదు."

"మా దొరగారు చెప్తారుగా! 'ది అదర్ ఇన్ ది డిస్ట్రిక్ట్ బోర్డ్' అంటారండీ. ఒక కాలు గోతిలో, రెండోది జిల్లా బోర్డులో! ఆయన ఆ మాటన్నప్పుడల్లా భోజనాల బల్ల దగ్గర దొరలంతా పడీపడీ నవ్వుతారు."

నవ్వెందుకో నాకు బోధపడలేదు. దొర నోటిమాట కనుక ప్రామాణికమే అయివుంటుందని తలచి పుస్తకంలో ఎక్కించుకున్నాను.

పదకొండున్నరకు గుడివాడ. స్టేషనుకు ఎదురుగా ఉన్న పూటకూళ్ళ ఇంట వంకాయ కూర బాగుంటుంది. మజ్జిగలో మాత్రం మజ్జిగను వెదకవలసి ఉంటుంది.

రెండు గంటలకు పరీక్ష. హెడ్మాస్టరుగారి పక్కన పాఠశాల కమిటీ అధ్యక్షులు ఆసీనులై ఉన్నారు. ఎనభై దాటిన వృద్ధులు. ఏదైనా ఒక ఇంగ్లీషు జాతీయాన్ని తెలుగుతో పోల్చి చెప్పమన్నారు హెడ్మాస్టరుగారు. నేను కాళ్ళ భేదాన్ని సవిస్తరంగా వివరించాను.

"మరి ఆ రెండో కాలు ఎక్కడుందయ్యా?" అన్నారు అధ్యక్షులు.

"జిల్లా బోర్డులో ఉంటుందండీ."

హెడ్మాస్టరుగారు బల్ల కిందికి వంగి, పడని పెన్సిలును వెదకసాగారు. గోడమీది పటాన్ని నేను అప్పుడు చూశాను: జిల్లా బోర్డు సభ్యుల వరుసలో, నడిమి కుర్చీలో, ఈ అధ్యక్షులే! ఉద్యోగం పోయిందనుకున్నాను.

అధ్యక్షులు కూడా ఆ పటం వైపు ఒకసారి చూసి నావైపు తిరిగారు.

"ఇరవై ఏళ్ళ నుంచీ నా ఆ కాలు బోర్డులోంచి బయటికి లాగాలని చూస్తున్నారయ్యా, ఒక్కడికీ చేతకాలేదు. నీకు కనీసం అదెక్కడుందో తెలిసింది. సోమవారం చేరు. పిల్లలకి మాత్రం ఒక్క కాలే చెప్పు."

మూడున్నర రైలుకు తిరుగుముఖం పట్టాను. ఇంగ్లీషు జాతీయాలు నేర్వగోరే పాఠకులు మూడవ తరగతిలో ప్రయాణించడమే మేలు; విన్నది పరీక్షలో చెప్పే ముందు గోడలు చూసుకోవడం మరీ మేలు.

రాత్రి బాగా పొద్దుపోయాక నది దాటి పడవ దిగాను. నాన్నగారు ఒడ్డునే నిలబడి ఉన్నారు.

"వచ్చిందా?"

"వచ్చింది నాన్నా."

"ఏమడిగార్రా?"

"కాళ్ళ గురించి అడిగారు."

నాన్నగారు తృప్తిగా తలాడించారు. "అదీ పద్ధతి. ఎద్దును కొనేటప్పుడు మేమూ మొదట కాళ్ళే చూస్తాం."