ఎడమచెయ్యి ఎత్తిన పిల్లలు

నాగదుర్గ గారి గురించి రాయాలని ఎనిమిదేళ్ళుగా అనుకుంటూ వాయిదా వేస్తున్నాను. ఆవిడ సంగతి రాయాలంటే నా నిర్వాకం కూడా రాయాలి. బద్ధకమని పైకి చెప్పుకున్నాను కానీ అసలు కారణం అదే.

మేమిద్దరం 1999-2000లో రాజమండ్రిలో బి.ఇడి. చదివాం. నేను రామచంద్రపురం దగ్గర రైతుల ఇంటి పిల్లాణ్ణి. ఇరవై మూడేళ్ళు. ఇది కాకపోతే ఇంకోటి అనుకునే రకం. ఆవిడకి ముప్పై మూడు. మొగల్తూరు దిగువన సముద్రపొడ్డు పల్లె. భర్త వేటకి వెళ్ళేవాడు. తల్లి పెద్దింట్లమ్మ నెత్తిన బుట్ట పెట్టుకుని ఊరూరా తిరిగి చేపలు అమ్మి పిల్లని చదివించింది. నాగదుర్గ గారు సెలవుల్లో ఆ బుట్ట తనూ మోశారు. నరసాపురంలో డిగ్రీ చేసి, పదేళ్ళు ప్రైవేటు కాన్వెంట్లలో గొంతు అరగదీసుకుని, ఆఖరికి బి.ఇడి. సీటు తెచ్చుకున్నారు. వచ్చే వేసవిలో డియ్యస్సీ ఉంటుందని అంటున్నారు. అది దాటితే ఆవిడకి వయసు మించిపోతుంది. గవర్నమెంటు బడిలో టీచరు కావాలంటే ఆవిడకి మిగిలింది ఆ ఒక్క అవకాశమే.

దానికి ముందు ఫైనల్ లెసన్ గట్టెక్కాలి. ఆ పరీక్ష సంగతి బి.ఇడి. చదివినవాళ్ళకి తెలుసు. ఏడాది పొడుగునా నలభై పాఠాలు చెప్పినా, రికార్డులో నలభై సంతకాలు పడ్డా, బయటి ఊరి నుంచి వచ్చిన ఎక్స్‌టర్నల్ గారు వెనక బెంచీలో కూర్చుని చూసే ఆ ఒక్క పీరియడే మన తలరాత. పాసు చేస్తే ఉపాధ్యాయుడు. లేకపోతే మళ్ళీ ఏడాదికి చూసుకోవాలి.

ఆవిడకి పడ్డ పాఠం ఎనిమిదో తరగతి జీవశాస్త్రం, చేపలో శ్వాసక్రియ. నేను నవ్వి, "వడ్డించేవాడు మనవాడే అన్నట్టుందండీ" అన్నాను. ఆవిడ కూడా సంబరపడ్డారు. పొద్దున్నే బజారుకెళ్ళి తాజా చేప తెచ్చి, ట్రేలో పెట్టి చూపిస్తానని పాఠ్యపథకంలో రాసుకున్నారు. మా మెథడ్స్ లెక్చరర్ వెంకటరాజు గారు ఆ పేజీ చూసి పెన్నుతో అడ్డంగా కొట్టేశారు.

"ఎక్స్‌టర్నల్ గారు నీచు ముట్టరమ్మా. నువ్వు క్లాసులో బుట్ట దించితే ఆయన ముక్కు మూసుకుని బయటికి పోతారు. చక్కగా చార్టు గీసుకో."

ఆయన కావాలని అన్న మాట కాదేమో. కానీ 'బుట్ట' అన్న మాట దగ్గర ఆవిడ మొహం మాడిపోవడం నేను చూశాను. చార్టు గీశారు. మొప్పలకి ఎరుపు మూడుసార్లు వేశారు. "ఇది చచ్చి రెండు రోజులైన చేప రంగండీ" అని తిట్టుకుంటూ మళ్ళీ కలిపేవారు.

ఇక నా నిర్వాకం. ఫైనల్ లెసన్లకి మాలో తరతరాలుగా వస్తున్న ఆచారం ఒకటుంది. ముందురోజు సాయంత్రం పిల్లల్ని కూర్చోబెట్టి, ప్రశ్నలూ జవాబులూ చెప్పేసి, చివర్లో ఇలా చెప్తాం: "రేపు మేం ఏం అడిగినా అందరూ చెయ్యి ఎత్తాలి. తెలిస్తే కుడిచెయ్యి. తెలియకపోతే ఎడమచెయ్యి." క్లాసు మొత్తం చేతులెత్తితే చూసేవాళ్ళకి ముచ్చటగా ఉంటుంది. మనం కుడిచేతుల్నే లేపుతాం. ఎవరు కనిపెట్టారో కానీ, ఉపాధ్యాయ విద్యలో అందరూ శ్రద్ధగా నేర్చుకున్న పాఠం ఇదొక్కటే.

ఆవిడ వద్దన్నారు. "వచ్చినన్ని చేతులే వస్తాయి లెండి" అన్నారు.

"ఆరు చేతులు లేస్తే ఫెయిలేనండీ. నాకంటే ఇంకా వయసుంది. మీకుందా?" అన్నాను.

భయపెట్టానని ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు సాయం చేస్తున్నాననే అనుకున్నాను. పైగా ఆవిడ పాఠం అయిన మర్నాడు అదే క్లాసులో నా పాఠం కూడా ఉంది. ఆవిడ ఇంక కాదనలేదు. గోదావరి గట్టు పక్కన మున్సిపల్ బడిలో అరవై రెండు మంది పిల్లలకి కుడిఎడమలు నేనే నేర్పాను. ఆవిడ వరండాలో నిలబడి వేరేవైపు చూస్తున్నారు.

మర్నాడు మూడో పీరియడు. ఎక్స్‌టర్నల్ గారు సన్నగా, తెల్లబట్టల్లో, అస్సలు నవ్వని మనిషి. చివరి బెంచీలో కూర్చున్నారు. ఆ పక్క బెంచీలో అబ్జర్వేషన్ రికార్డు పట్టుకుని నేను. తోటి విద్యార్థి పాఠాన్ని పరిశీలించి రాయడం కూడా మాకు మార్కులే.

నాగదుర్గ గారు మొదటి ప్రశ్న అడిగారు. గొంతు కొంచెం వణికింది. అరవై రెండు చేతులు ఒక్కసారి లేచాయి. ఎక్స్‌టర్నల్ గారు తల ఎత్తారు. ఆవిడ ఒక కుడిచేతిని లేపారు, జవాబు గడగడా వచ్చింది. రెండో ప్రశ్న, మూడో ప్రశ్న. బల్ల మీద బెత్తం, చార్టు, డస్టరు అన్నీ ఉండాల్సిన చోట ఉన్నాయి. నల్లబల్ల మీద అక్షరాలు గుండ్రంగా పడుతున్నాయి. నేను రికార్డులో 'విద్యార్థుల భాగస్వామ్యం అద్భుతం' అని రాశాను కూడా.

నాలుగో ప్రశ్నకి ఆయన లేచారు. వరసల మధ్య మెల్లగా నడిచి, మూడో బెంచీ దగ్గర ఆగారు. అక్కడ దుర్గాశ్రీ అనే పిల్ల చెయ్యి నిటారుగా ఎత్తి కూర్చుంది. నూనె రాసిన జడలు, బుద్ధిమంతురాలు. చెప్పింది చెప్పినట్టు చేస్తుంది. 

"ఈ అమ్మాయి ఇందాకట్నుంచి ప్రతి ప్రశ్నకీ చెయ్యి ఎత్తుతోందమ్మా. ఒక్కసారీ అడగలేదేంటి?"

నాగదుర్గ గారు ఆ పిల్లవైపు తిరిగారు. "చెప్పమ్మా. చేప దేనితో ఊపిరి పీలుస్తుంది?"

దుర్గాశ్రీ నిలబడింది. చెయ్యి ఇంకా దించలేదు. "నాకు తెలీదండి."

"తెలియకపోతే చెయ్యెందుకు ఎత్తావు?" అన్నారు ఎక్స్‌టర్నల్ గారు.

"ఇది ఎడంచెయ్యండి. తెలీపోతే ఎడంచెయ్యి ఎత్తమన్నారండి."

 నిజం చెప్పడంలో ఆ పిల్లకి తప్పేమీ కనిపించలేదు, ఉంటే కదా.

"ఎవరు ఎత్తమన్నారు?"

దుర్గాశ్రీ తల తిప్పి నావైపు చూసింది. వేలు కూడా లేవబోయింది. నేను తేలు కుట్టిన దొంగలా రికార్డులోకి తల దించుకున్నాను.

"నేనేనండి" అన్నారు నాగదుర్గ గారు. "క్లాసు నాదండి."

దుర్గాశ్రీ తెల్లబోయి ఆవిడవైపు చూసింది. ఎక్స్‌టర్నల్ గారు పెన్నుకి క్యాపు పెట్టేశారు. ఆ చిన్న శబ్దానికి నాకు పాఠం అయిపోయిందనిపించింది. ఒక్క మాట, 'నేనండీ' అన్న ఒక్క మాట, నా నోట్లోంచి రాలేదు. రేపటి నా పాఠం కళ్ళముందు కదిలింది. సిగ్గు లేకుండా రాస్తున్నాను, అప్పుడు నా భయమంతా నా మార్కుల గురించే.

"ఆపేస్తారా, పూర్తి చేస్తారా?"

"పూర్తి చేస్తానండి."

"అయితే ముందు ఆ చేతులు దించమనండి."

చేతులు దిగాయి. ఆవిడ పథకం మూసి బల్ల మీద పెట్టారు. పావుగంట మిగిలింది. బల్ల దగ్గర్నుంచి కదిలి దుర్గాశ్రీ బెంచీ దగ్గరికి వచ్చారు. చేతిలో సుద్దముక్క కూడా లేదు.

"మీ ఇంట్లో చేపలు ఎవరు కొంటారమ్మా?"

"మా మామ్మండి."

"బుట్ట దించగానే మీ మామ్మ ముందు ఏం చేస్తుంది?"

"బేరవాడతాదండి." పిల్లలు కిసుక్కుమన్నారు. ఆవిడ నవ్వలేదు.

"దానికి ముందు?"

దుర్గాశ్రీ ఆలోచించింది. "మొప్ప ఎత్తి చూత్తాదండి. ఎర్రగా ఉంటే తాజాదని. తెల్లబడిపోతే వద్దంటాదండి."

"మా అమ్మ చేపలమ్మే మనిషి. నేనూ బుట్ట మోశాను. ఎన్ని ఊళ్ళు తిరిగినా మీ మామ్మలాంటివాళ్ళు ముందు అక్కడే చూసేవారు" అన్నారు ఆవిడ. ఆ మాట ఆ ఏడాదంతా మా కాలేజీలో నాతో తప్ప ఎవరితోనూ పైకి అనలేదు. "ఆ ఎరుపు ఏంటి?"

"రంగండి" అన్నాడెవడో. వెనకనుంచి ఇంకో పిల్ల, అదీ ఇందాక ఎడమచెయ్యి ఎత్తిన పిల్లే, "నెత్తురండి" అంది.

"నెత్తురు ఒళ్ళంతా ఉంటుంది కదా. అక్కడే అంత ఎర్రగా ఎందుకు కనిపిస్తుంది? అక్కడికి ఏం పనిమీద వస్తుంది?"

 ఆవిడ ఊరుకున్నారు. కుడిచేతివాళ్ళ నోళ్ళలో జవాబు కదులుతోంది, ఆవిడ వాళ్ళవైపు చూడలేదు. ఆ మౌనం భరించలేక నేనే చెప్పేద్దామన్నంత పనయింది. గోడ గడియారం చూశాను. ఇంకా ఆరు నిమిషాలే ఉంది.

"చేప నోరు తెరిచి మూస్తూ ఉంటుంది, చూశారా? లోపలికి పోయిన నీళ్ళు ఎటు పోతాయి?"

"మొప్పల్లోంచి బయటికండి" అంది దుర్గాశ్రీ.

"తాగడానికైతే కడుపులోకి పోవాలిగా. పక్కనుంచి ఎందుకు వదిలేస్తోంది?"

దుర్గాశ్రీ నుదురు ముడిపడింది.  తర్వాత మెల్లగా, ఒక్కొక్క మాటే వెతుక్కుంటూ, "నీళ్ళు కాదండి దానిక్కావాల్సింది. నీళ్ళల్లో గాలండి. నెత్తురొచ్చి అక్కడ గాలి పట్టుకెళ్తాదండి" అంది.

బెల్లు కొట్టారు. ఎవరూ లేవలేదు.

తెలిసినదాని నుంచి తెలియనిదానికి నడిపించాలి అన్న సూత్రం మేమందరం కంఠతా పట్టాం. పరీక్షలో పది మార్కులకి నేను రెండు పేజీలు రాశాను. అది జరగడం చూసింది మాత్రం ఆ రోజే.

వరండాలోకి వచ్చాక ఎక్స్‌టర్నల్ గారు ఆవిణ్ణి అడిగారు: "మొప్ప నిజంగా అంత ఎర్రగా ఉంటుందా?"

"తాజాదైతే చార్టులో కంటే ఎర్రగా ఉంటుందండి."

"నేనెప్పుడూ చూడలేదు." పెన్ను జేబులో పెట్టుకుని అన్నారు. "మొదటి అరగంటకి నేను మార్కులు వెయ్యలేనమ్మా. చివరి పావుగంటకి ఎంత వెయ్యాలో ఆలోచించుకోవాలి." అని వెళ్ళిపోయారు.

మర్నాడు నా క్లాసులో పిల్లలు ఏ చెయ్యీ ఎత్తడానికి భయపడ్డారు. ఆయనకి బదులు ఇంకొకాయన వచ్చారు, నిద్రమొహం మనిషి. నాకు మంచి మార్కులే పడ్డాయి. నాగదుర్గ గారు ఫలితాల కోసం రెండు నెలలు నలిగిపోయారు. పాసుకి సరిపడా మార్కుల మీద ఒక్క మార్కు ఎక్కువ వచ్చింది. డియ్యస్సీ రాశారు. వయసు దాటకముందే ఉద్యోగం వచ్చింది. నాకు తర్వాతి దాంట్లో వచ్చింది.

ఈ మధ్య, 2008లో, మండలంలో బడుల పరిశీలన పని నామీద పడింది. పెనుగొండ అవతల ఒక హైస్కూల్లో ఎనిమిదో తరగతి వెనక బెంచీలో వెళ్ళి కూర్చున్నాను. చెప్తున్నది నాగదుర్గ గారు. కళ్ళజోడు వచ్చింది, గొంతు వణకడం పోయింది. ప్రశ్న అడిగారు. చేతులు లేచాయి, కొన్ని కుడివి, కొన్ని ఎడమవి.  ఆవిడ తిన్నగా ఒక ఎడమచెయ్యి దగ్గరికి నడిచి, ఆ పిల్ల పక్కన బెంచీ మీద కూర్చున్నారు.

పీరియడు అయ్యాక అడిగాను, ఇదేంటండీ అని.

"తెలియదని పైకి చెప్పడానికి పిల్లలకి సిగ్గండీ. చెయ్యెత్తడానికి సిగ్గుండదు. ముందు ఎవరి దగ్గరికి వెళ్ళాలో నాకు తెలియాలి కదా" అన్నారు. "మీ దగ్గర నేర్చుకున్నదే, మాస్టారూ."

వెక్కిరింత లేదు. అదే నాకు కష్టమైంది. "ఆ రోజు నేనని నేను చెప్పాల్సిందండీ" అన్నాను. ఎనిమిదేళ్ళ తర్వాత.

"చెప్పి ఉంటే ఇద్దరం పోయేవాళ్ళం లెండి" అన్నారు ఆవిడ డస్టరు దులుపుతూ. తర్వాత కిటికీవైపు చూస్తూ అన్నారు, "అయినా ఆ రెండు నెలలూ, మీరొచ్చి ఆ ఎక్స్‌టర్నల్ గారికి చెప్తారేమోనని చూశానండి."

పరిశీలన పుస్తకం నా ముందు పెట్టారు. అభిప్రాయం రాయాల్సిన చోట పెన్ను పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. నాకేం రాయాలో తెలియలేదు. ఆవిడ వచ్చి పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నారు.