తీసెయ్యని కాలమ్

ఆదివారం ఆరాధన ముగిసి చర్చి మెట్లు దిగుతుంటే ఏలూరు నుంచి ఫోన్ వచ్చింది. మా మేడం గారు పోయారు. గుండె ఆగిందట. ఎవరు ఆగమన్నా ఆగని మనిషి, ఇలా ఆగిపోయారు.

తాడేపల్లిగూడెంలో బస్సెక్కినప్పటి నుంచీ నాకు ఏడుపు కన్నా కోపమే ఎక్కువగా వచ్చింది. ఇక అందరూ ఆవిణ్ణి శాంతమూర్తి అంటారు. మీరు నమ్మకండి. గొంతు మెత్తన, మనిషి మొండి. ఆ మొండితనం గురించి చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఏలూరులో ఆవిడ కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ నడిపేవారు. అంతకుముందు అది టైపు ఇన్‌స్టిట్యూట్. నేను అక్కడ అకౌంట్స్ చెప్పేవాణ్ణి. ఆవిడ కంప్యూటర్‌తో కూడా అండీ అనే మాట్లాడేవారు. వరసగా ఏమేం చేయాలో రాసిచ్చిన మాక్రో మధ్యలో ఆగి ఎర్రర్ చూపిస్తే కళ్లజోడు పైకి తోసుకుని, "ఏవండీ, ఎక్కడ అలిగారు?" అని అడిగేవారు. పిల్లలు నవ్వితే, "మిషన్ చెప్పింది చేస్తుందమ్మా. ఏం చెప్పాలో తేల్చుకోవాల్సింది మనం" అనేవారు.

ఓ ఏడాది ఒక ట్రస్టు వాళ్లు కొల్లేటి ఊళ్లలోని ముసలివాళ్లకు శుక్లాల ఆపరేషన్లు ఉచితంగా చేస్తామన్నారు. ఏ ఊరి పేర్లు ఆ ఊరివాళ్లే తమకు తోచినట్టు ఎక్సెల్‌లో కొట్టి ఫ్లాపీల్లో పంపారు. పేరు, వయసు, చేసే పని, ఏ కన్ను, అన్నీ ఒకే గడిలో. పైగా మన గోదావరి మర్యాద ఒకటి! పేరు చివర ఇంగ్లిష్ అక్షరాల్లో 'గారు'. ఒకరు దానికి ఒక 'ఎ' పెట్టారు, ఒకరు రెండు పెట్టారు, ఒకరు పేరుకే అంటించేశారు. గారు ఉన్న సుబ్బారావు, గారు లేని సుబ్బారావు కంప్యూటర్ లెక్కలో ఇద్దరు మనుషులు. ట్రస్టు ఆఫీసరు ఫోన్‌లో విసుక్కున్నారు. "ఆ గారులన్నీ తీసేయండి. రేపటికి సరైన ఫైలు రాకపోతే క్యాంపు వేరే జిల్లాకి ఇచ్చేస్తాం."

మేడం గారు మాక్రో రాయడానికి కూర్చున్నారు. అది ఒక్కో గడినీ విడగొట్టి పేరు ఒక కాలమ్‌లో, వయసు ఇంకోదాంట్లో, పని, కన్ను వేరువేరుగా సర్దింది. గారును మాత్రం ఆవిడ చెరపలేదు. దానికీ ఒక కాలమ్ ఇచ్చారు. రెండుసార్లు పడ్డ పేర్లు ఒకటయ్యాయి. హమ్మయ్య అనుకున్నాను. ఆవిడ మాత్రం స్క్రీన్ వైపే చూస్తున్నారు.

"మాష్టారూ, ఇది చూశారా అండీ?"

చూశాను. చేపల చెరువులున్నవాళ్లు, పొలాలున్నవాళ్లు, వాళ్లందరి పక్కనా గారు ఉంది. వలలు వేసేవాళ్లు, నాట్లు వేసేవాళ్లు, ఎండుచేపలు అమ్మేవాళ్ల పక్కన గడులు ఖాళీ. అన్నీ కలగలిసి ఉన్నప్పుడు ఇది మా కంటపడలేదు. వరసగా సర్దేసరికి సిగ్గేసింది.

ఆవిడ మాక్రోలో ఇంకో లైను చేర్చారు. ఖాళీ గడి కనబడితే అందులో గారు పెట్టు. అంతే.

"ఆయన వద్దన్నారు కదండీ! క్యాంపు పోతేనో?" అన్నాను. నాకు నిజంగానే భయం వేసింది. ఎంతమంది కళ్లు ఆ ఫైలు మీద ఉన్నాయో నాకు తెలుసు.

"ఆయన అడిగిన కాలమ్స్ ఆయనకి ఇచ్చామండి. ఇది మనది."

మర్నాడు ఆఫీసరు ఫోన్ చేసి ఫైలు బ్రహ్మాండంగా ఉందని, ఆ ఒక్క కాలమ్ తీసేసి మళ్లీ పంపమని అన్నారు.

"నేను తీయనండి" అన్నారు మేడం గారు, టీ చల్లారిపోతోందని చెప్పినంత మామూలుగా. "మీరే తీసుకోండి. ఎవరి పక్కనుంచి మొదలుపెడతారో మాత్రం నాకు చెప్పండి."

ఆయన ఫోన్ పెట్టేశారు. కాలమ్ ఉండిపోయింది. క్యాంపూ వచ్చింది.

క్యాంపు రోజున మా ఫైలు నుంచి అచ్చుతీసిన చీటీలు చూసి పేర్లు పిలిచారు. "పోలమ్మ గారూ!" అంటే ఎవరూ లేవలేదు. మళ్లీ పిలిచారు. ముందు వరసలో ఎండుచేపలమ్మే ముసలావిడ కూడా తల తిప్పి వెతుకుతున్నారు, ఎవరా ఆ పోలమ్మ గారని. మేడం గారు వెళ్లి ఆవిడ పక్కన కూర్చున్నారు.

"మిమ్మల్నేనండి పిలుస్తున్నారు."

"నన్నాండీ? ఎవరో పెద్దోళ్లనుకున్నానండి" అన్నారు పోలమ్మ గారు.

మొన్న సమాధుల తోటలో జనం కిక్కిరిశారు. పాస్టరు గారి ప్రార్థన అయింది, పెట్టె మూయబోతున్నారు. పోలమ్మ గారు అందర్నీ తోసుకుంటూ ముందుకొచ్చారు. ఎవరో పెద్దమనిషి, "ఏయ్, పక్కకి జరుగు" అన్నాడు.

"జరగండి అనండి" అన్నారు పోలమ్మ గారు, వెనక్కి తిరిగి అతని కళ్లలోకి చూస్తూ. అతను తగ్గాడు. నాకు అంత దుఃఖంలోనూ ఛాతీ పొంగింది.

ఆవిడ పెట్టె మీదికి వంగారు.

"మేడం గారూ!"

కాసేపు ఆగి మళ్లీ పిలిచారు.

"మిమ్మల్నేనండి పిలుస్తున్నాను."

మూత పట్టుకున్నవాళ్లు దాన్ని అలాగే ఎత్తి పట్టుకుని నిలబడ్డారు. పోలమ్మ గారు జరగలేదు.