రెండు పేర్లతో రాసిన వీలునామా

నల్లగా ఉమ్మడం మా పనిలో మామూలే. ఆ రోజు ఫస్ట్ షిఫ్టులో టబ్బులో బొగ్గు నింపుతూ దగ్గి ఉమ్మితే, టోపీ లైటు వెలుగులో ఎర్రగా కనిపించింది. తంబాకు అనుకున్నాను. నేను తంబాకు తిననని తరువాత గుర్తొచ్చింది.

నా పేరు ఇక్కడ రాజమల్లు అనుకోండి. పేర్లన్నీ మార్చి రాస్తున్నాను, ఎందుకో మీకే తెలుస్తుంది. గనిలో మాత్రం నేను ఓదెలును. ఓదెలు మా చిన్నాయన కొడుకు. అరవైల మొదట్లో గోదావరిఖనిలో మనుషులను తీసుకుంటున్నప్పుడు పని అతనికి దొరికింది. ఒక్కరోజు గనిలో దిగి, చీకటికి భయపడి, చెప్పులు కూడా వదిలేసి ఊరికి పారిపోయాడు. మరునాడు అతని హాజరు బిళ్ల పట్టుకొని నేను దిగాను. అలా దిగినవాణ్ని నేనొక్కణ్నే కాదు. గుమాస్తా నా భార్య పేరు అడిగితే, దొరికిపోతానన్న భయంతో ఓదెలు భార్య పోశవ్వ పేరే చెప్పాను. అది తలుచుకుంటే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

దవాఖానలో ఎక్స్‌రే తీశారు, మూడు రోజులు పరీక్షకు ఉమ్మి పట్టారు. డాక్టరు ఫిల్మును కిటికీకి ఎదురుగా పెట్టి చూశారు. "స్పుటమ్ పాజిటివ్. రైట్ లంగ్‌లో కేవిటీ ఉంది. టి.బి. ఇది ఓదెలూ, ఏడాదిన్నర మందు వాడాలి. మధ్యలో మానకూడదు" అన్నారు. రోజూ స్ట్రెప్టోమైసిన్ సూది, పిడికెడు గోలీలు. చెవుల్లో హోరు. లేచి నిలబడితే నేల ఊగేది.

మూడు నెలలకు దగ్గు తగ్గింది, ఒళ్లు కాస్త తేరుకుంది. మందు మానేశాను. సూది లైన్లో నిలబడితే షిఫ్టు పోతోందని మానేశాను. నా మీద నాకున్న కోపంలో సగం దీనికే. వానలు మొదలయ్యేసరికి ఒకనాడు గిన్నెడు రక్తం పడింది. ఈసారి డాక్టరు అరిచారు. "ఎవడయ్యా నిన్ను మానమన్నది? ఇప్పుడు అదే మందు పనిచేస్తుందో లేదో నేను చెప్పలేను." వార్డులో చేర్చుకున్నారు.

ఆ మాటతో చావు నిజమనిపించింది. నా భార్య లచ్చవ్వ, ఇద్దరు ఆడపిల్లలు. కొడుకుల్లేని ఇల్లంటే పాలివాళ్లకు, అదే దాయాదులకు, ఎంత చులకనో నాకు తెలుసు. గని జీతంతో నేను కొన్న రెండెకరాల చెలక ఊళ్లో రాజమల్లు పేరున ఉంది. గని కంపెనీ నుంచి వచ్చే డబ్బు ఓదెలు పేరున. నేను పోతే ఈమె చేతికి ఏది వస్తుంది?

పక్క మంచం మీద అదే రోగంతో మంథని పంతులు ఉన్నారు, కంపెనీ బడిలో పాఠాలు చెప్పే మనిషి. వీలునామాకు వకీలు దగ్గరికి కరీంనగర్ పోవాలా అని అడిగాను.

"ఎందుకయ్యా? స్టాంపు కాయితం గూడ అక్కర్లే. తెల్లకాయితం మీద నీ చేత్తోటి రాయి. ఏది ఎవరికో సాఫ్‌గ రాయి. ఇద్దరి ముందట దస్తఖతు పెట్టు, వాళ్లు నీ ముందట పెడ్తరు. గంతే."

నా మంచం దగ్గర కూర్చున్న లచ్చవ్వ మొహం తిప్పుకుంది. "బతికున్న మనిషి సావు కాయితం రాసుకునుడేంది?" అంది. ఆమె మీదా కోపమొచ్చింది. పిల్లల నోట్‌బుక్కు తెప్పించుకొని రాశాను. నా చెలక, కంపెనీ నుంచి నాకు రావలసింది, అన్నీ లచ్చవ్వకే అని. పంతులు, కాంపౌండరు సాక్షి సంతకాలు చేశారు. నాలుగో తరగతి చదువు పనికొచ్చిందని మురిసిపోయాను.

ఆదివారం నాడు ఓదెలు చూడటానికి వచ్చాడు. పంతులు మాటవరసకు పేరు అడిగితే చెప్పాడు. పంతులు అద్దాలు సర్దుకొని నా వైపు తిరిగారు.

"ఈయన ఓదెలైతే నువ్వెవరివయ్యా?"

చెప్పక తప్పలేదు. కాగితం తీసి చూశాం. నేను, నాది అని రాశానే తప్ప పైన పేరు లేదు. కింద ఓదెలు సంతకం. పన్నెండేళ్లు జీతం షీటు మీద పెట్టి పెట్టి నా చేతికి ఆ సంతకమే అలవాటైపోయింది. ఊళ్లో చెలక ఓదెలుది కాదు. కంపెనీలో ఓదెలు భార్య లచ్చవ్వ కాదు. రెండు చోట్లా పనికిరాని కాగితం రాసి దాచుకున్నాను.

ఓదెలు గోడకు ఆనుకొని నిదానంగా అన్నాడు. "అన్నా, ఫికర్ జెయ్యకు. రేపు ఏమన్న అయితే కంపెనీ పైసలు మా ఇంటికే వస్తయి గద. వదినెకు నేనేం తక్కువ జెయ్య. ఎంతైన పేరు నాదే గద."

నాకు దగ్గు తెర వచ్చింది. లచ్చవ్వ లేచింది.

"చీకటికి భయపడి నువ్వు ఉరికినవ్. నీ పేరు జెప్పుకోని ఈయన బొగ్గుల దిగిండు. పేరు నీదైతే ఈ రోగం గూడ నీదే. తీస్కపో! గీ మంచం మీద పండు, గా సూదులు నువ్వు పొడిపించుకో!"

వార్డంతా మావైపు చూస్తోంది. ఓదెలు తల దించుకున్నాడు. సావు కాయితం వద్దన్న మనిషే నోట్‌బుక్కు నా ఒళ్లో పడేసింది. "రాయి. వీని ముందటనే రాయి."

మళ్లీ రాశాను. రాజమల్లు అనే నేను, మా చిన్నాయన కొడుకు ఓదెలు పేరుతో గనిలో పనిచేస్తున్నాను. రికార్డులో ఉన్న పోశవ్వ ఓదెలు భార్య, నా భార్య లచ్చవ్వ. ఆ రెండు వాక్యాలు చాలు నా కొలువు ఊడటానికి. కలం పక్కన పెట్టి పంతులు వైపు తిరిగాను.

"బయటపడితే నౌకరి పోతది సారూ" అన్నాను.

"రాయకపోతే చెలక గూడ పాలోళ్లు పంచుకుంటరు. కంపెనీల రేపు ఈమె కొట్లాడెతందుకు ఇదొక్కటే ఆధారం" అన్నారు పంతులు.

కింద రెండు సంతకాలూ పెట్టాను. రాజమల్లు సంతకం వంకరగా వచ్చింది. ఒక సాక్షి పంతులు. రెండో సాక్షిగా లచ్చవ్వ ఓదెలునే కూర్చోబెట్టింది. అతని బొటనవేలి ముద్ర పక్కన పంతులు "అసలు ఓదెలు వేలిముద్ర" అని రాశారు. ఓదెలు చెయ్యి తుడుచుకొని, చెప్పకుండా వెళ్లిపోయాడు.

నా అదృష్టం, మందు పనిచేసింది. ఏడాదిన్నరలో ఒక్కరోజు కూడా మానలేదు. చివరికి డాక్టరు నవ్వుతూ "ఓదెలూ, స్పుటమ్ నెగెటివ్" అన్నారు. సంతోషంతో పాటు ఒళ్లు మండింది. నయం కావడం కూడా ఇంకొకడి పేరు మీదే. ఇప్పుడు గని పైన, టోపీ లైట్లు ఇచ్చే ల్యాంపు రూములో పని ఇచ్చారు. కుడి చెవి సరిగా వినపడదు. కాగితం లచ్చవ్వ సందూకలో భద్రంగా ఉంది.

నాలాంటి అన్నలకు ఒక్కటే చెప్తాను. మంచాన పడకముందే రాయండి. వకీలు అక్కర్లేదు, తెల్లకాగితం, ఇద్దరు సాక్షులు చాలు. కానీ మొదటి వాక్యంలోనే మీకున్న పేర్లన్నీ రాయండి, అసలు పేరు ముందు. మీరు మోస్తున్న పేరు గలవాడు బతికుంటే అతని వేలిముద్ర కూడా తీసుకోండి. మెత్తగా అడిగితే వెయ్యడు. ఇంట్లో ఆడమనిషిని వెంట తీసుకెళ్లండి.